కిండర్ స్కౌట్ మీద నల్లనేల కొలతలు

అక్టోబరు మొదటి వారంలో ఉత్తరం వైపు నుంచి కిండర్ స్కౌట్ ఎక్కాం. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల మధ్య పరుచుకున్న పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఇదే ఎత్తైనది, 636 మీటర్లు. చాలామంది ఈడేల్‌లో రైలు దిగి దక్షిణం నుంచి ఎక్కుతారు. మాకు కావాల్సిన కొలత స్థలాలు అవతలి అంచున ఉన్నాయి కాబట్టి స్నేక్ పాస్ రోడ్డు దగ్గర దిగి, ఆషప్ నది దాటి, ఫెయిర్ బ్రూక్ వాగు పట్టుకుని పైకి నడిచాం.

వాగు నీళ్లు పల్చటి డికాక్షన్ రంగులో ఉన్నాయి. పీట్ అనే ఈ కొండ నల్లనేల నుంచి కరిగి వచ్చే సేంద్రియ కార్బన్ వల్ల ఆ రంగు. అంతవరకూ మామూలే. గట్టి వాన పడ్డాక నీళ్లు చిక్కగా, నల్లగా మారి, చేత్తో తీసుకుంటే అడుగున మడ్డి మిగిలితే మాత్రం కొండే కొట్టుకొస్తోందని అర్థం. ఈ నీళ్లన్నీ ఆషప్ గుండా లేడీబవర్ జలాశయంలోకి చేరతాయి. రంగు తీయడానికి నీటిశుద్ధి కేంద్రంలో ఖర్చు, మడ్డి పేరుకుంటే జలాశయంలో చోటు నష్టం.

పైకి చేరాక శిఖరమంటూ ఏదీ కనిపించదు. బల్లపరుపు నేల, దాన్ని ముక్కలు ముక్కలుగా కోసిన వంకలు. కొన్ని వంకల్లోకి దిగితే మనిషి తల కూడా బయటికి కనబడదు. గోడలు నిలువునా నల్లటి పీట్. చచ్చిన నాచు, గడ్డి నీటిలో సగం కుళ్లి పేరుకున్నదే పీట్. అది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే మీటరు లోతు వంక కోసుకుపోయిందంటే వెయ్యేళ్ల పేరుడు పోయినట్టే.

ఈ నేల ఇలా బోడిగా మారడానికి మొదటి కారణం చుట్టూ ఉన్న పారిశ్రామిక పట్టణాల బొగ్గు పొగ. అందులోని సల్ఫర్ డయాక్సైడ్ రెండు శతాబ్దాల పాటు పడి, పీట్‌ను కట్టే స్ఫాగ్నమ్ నాచును చంపేసింది. ఆపైన మంటలు, గొర్రెల మేత. పచ్చని తొడుగు ఒక్కసారి పోయాక నేల తనంతట తాను కోలుకోలేదు. చలికాలంలో పీట్‌లోని తేమ సూదుల్లా గడ్డకట్టి పై పొరను పైకెత్తుతుంది. మంచు కరిగాక ఆ పొర పొడిపొడిగా రాలుతుంది, గాలీ వానా పట్టుకుపోతాయి. ఒక గోడ మీద వేలు పెడితే పైన అంగుళం మందం కాఫీ పొడిలా జారింది, దాని వెనక పీట్ మాత్రం సబ్బులా మెత్తగా, తడిగా ఉంది. అలా జారే చోట విత్తనం మొలకెత్తినా వేరు పట్టే వ్యవధి దొరకదు.

2003లో మొదలైన మూర్స్ ఫర్ ది ఫ్యూచర్ భాగస్వామ్యం ఈ కొండల మీద పునరుద్ధరణ పనులు చేస్తోంది. ఈ అంచున దాని పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది, పని చేయకుండా వదిలేసిన ఒక బోడి ముక్క. పక్కపక్కనే ఉన్న చిన్న పరీవాహకాల్లో ఒకదానిలో గడ్డి పెంచారు, మరొకదానిలో గడ్డితో పాటు వంకలకు కట్టలు వేశారు, మూడోదాన్ని పోలిక కోసం ముట్టుకోలేదు. పనులకు ముందే కొలతలు మొదలుపెట్టారు. ఇది లేకపోతే తడి సంవత్సరం వచ్చినప్పుడు నీటిమట్టం పెరిగితే మన పని వల్ల పెరిగిందో వాన వల్ల పెరిగిందో చెప్పే దారి ఉండదు.

నీటిమట్టం కొలవడానికి వాడేవి చిల్లుల గొట్టాలు. మీటరు పొడవు, బొటనవేలు కంటే కాస్త లావు ప్లాస్టిక్ గొట్టానికి పొడవునా రంధ్రాలు చేసి పీట్‌లో నిలువుగా దింపుతారు. ఒక్క గొట్టం మీద ఆధారపడకూడదు. వంక అంచున నీరు లోతుకు జారిపోతుంది, రెండడుగులు ఇవతల పైనే ఉంటుంది. అందుకే ముప్ఫై మీటర్ల చదరంలో ఎక్కడెక్కడో పదిహేను గొట్టాలు దించి సగటు తీస్తారు. ఎండాకాలపు అంకెలు విపరీతంగా ఊగుతాయి కాబట్టి, పోల్చదగిన అంకెల కోసం శరదృతువులో వారానికోసారి అన్నిటినీ చేత్తో కొలుస్తారు.

కొలిచే తీరు చాలా సాదా. సెంటీమీటర్ల గుర్తులున్న సన్నటి గొట్టాన్ని నోట్లో పెట్టుకుని ఊదుతూ చిల్లుల గొట్టంలోకి నెమ్మదిగా దించాలి. నీటికి తగలగానే బుడగల చప్పుడు వస్తుంది. అక్కడ ఆపి, పై అంచు దగ్గరి అంకె చూడాలి. ఒకచోట 41 వచ్చింది. చిల్లుల గొట్టం నేల మీదికి 12 సెంటీమీటర్లు పొడుచుకుని ఉంది కనుక నీరు నేల కింద 29 సెంటీమీటర్లలో ఉన్నట్టు. తప్పు జరిగేది ఆ 12 దగ్గరే. పీట్ తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది, గడ్డకట్టే చలి గొట్టాన్నే పైకి తోసేస్తుంది. పోయినసారి రాసుకున్న పొడుపునే ఈసారీ తీసేస్తే రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఊరికే పుడుతుంది. పునరుద్ధరణ వల్ల వచ్చే మార్పు కూడా మొదటి ఏళ్లలో కొన్ని సెంటీమీటర్లే. అందుకని పొడుపును మళ్లీ మళ్లీ కొలవాలి. ఇంకోటి, గొట్టం పక్కనే కాళ్లు పెట్టి నిలబడితే మన బరువుకు పీట్ నొక్కుకుని నీరు లేస్తుంది. చెక్క పలక పరిచి, దాని మీద మోకాళ్లూని కొలవాలి.

ప్రవాహం కొలవడానికి వంక దిగువన వి ఆకారపు గాటు ఉన్న పలక అడ్డంగా నిలబెట్టి ఉంటుంది. దాని వెనక మడుగులో పీడనం కొలిచే యంత్రం పది నిమిషాలకోసారి అంకె దాచుకుంటుంది. తొంభై డిగ్రీల గాటులో నీరు 10 సెంటీమీటర్ల ఎత్తున పారితే ప్రవాహం సెకనుకు సుమారు 4.4 లీటర్లు. ఎత్తు 20కి చేరితే రెట్టింపు అవుతుందనుకుంటే పొరపాటు, దాదాపు 25 లీటర్లు అవుతుంది. ప్రవాహం ఎత్తుకు రెండున్నరో ఘాతంలో పెరుగుతుంది. కాబట్టి ఎత్తులో చిన్న తప్పు వరద లెక్కలో పెద్దదవుతుంది. నీటిలో మునిగిన యంత్రం గాలి పీడనాన్నీ కలిపి కొలుస్తుంది. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనానికి కొలమానం) మారితే ఒక సెంటీమీటరు నీరు మారినట్టు కనిపిస్తుంది. తుఫాను వచ్చేటప్పుడే వాతావరణ పీడనం పడిపోతుంది, అంటే సరిగ్గా వరద రోజునే అంకె తప్పుతుంది. అందుకే పైన పొడిలో రెండో యంత్రం పెట్టి గాలి పీడనాన్ని తీసివేస్తారు. మేం చూసిన పలక గాటులో హెదర్ అనే పొట్టి పొద పుల్ల ఒకటి ఇరుక్కుని ఉంది. అంతమాత్రానికే వెనక నీరు లేచి, లేని ప్రవాహం నమోదవుతుంది. తీసేసిన సమయం పుస్తకంలో రాయాలి, లేకపోతే తర్వాత లెక్క సరిదిద్దేవాళ్లకు ఆధారం ఉండదు.

నేలను కప్పే పని హెదర్ కొమ్మల తురుముతో మొదలవుతుంది. గింజలు ఇంకా కాయల్లో ఉండగానే పొదలు కోసి, పెద్ద సంచుల్లో నింపి హెలికాప్టర్‌తో దించి, చేత్తో పలుచగా పరుస్తారు. మంచుకు, గాలికి అదే మొదటి దుప్పటి, విత్తనాలూ అందులోనే ఉంటాయి. నిలువు గోడల మీద తురుము నిలవదు కాబట్టి అక్కడ జనపనార వల పరిచి మేకులు దిగగొడతారు. ఆ తర్వాత సున్నం, ఎరువు, గడ్డి విత్తనం. ఈ పీట్ ఆమ్లత ఎంత ఎక్కువంటే సున్నం లేకుండా గడ్డి వేళ్లు బతకవు. ఒక్కసారి చల్లి వదిలేస్తే సగం పనే. వానకు సున్నం కడుక్కుపోయి గడ్డి పసుపెక్కుతుంది కనుక తర్వాతి ఏడాదుల్లోనూ మళ్లీ వేస్తారు. ఆ గడ్డి శాశ్వతంగా ఉండాలని ఎవరూ కోరుకోరు. హెదర్, తడినేలలో పెరిగే కాటన్ గ్రాస్ నిలదొక్కుకునేదాకా నేలను పట్టి ఉంచితే చాలు. గొర్రెలు రాకుండా కంచె లేకపోతే లేత గడ్డి మొదటి నెలల్లోనే పోతుంది.

వంకల్లో కట్టల దూరానికి ఒక లెక్క ఉంది. కింది కట్ట తల, పై కట్ట పాదంతో సమానంగా ఉండాలి. అడుగు వాలు నూటికి ఐదు ఉండి, కట్ట ఎత్తు అర మీటరు అయితే పది మీటర్లకొకటి. అంతకంటే ఎడం పెడితే మధ్యలో నీరు మళ్లీ వేగం అందుకుని కోస్తుంది. వంక అడుగున రాయి తేలినచోట రాతికట్ట వేస్తారు. నీరు దాని సందుల్లోంచి కారుతుంది, మడ్డి వెనక ఆగుతుంది. అడుగున ఇంకా పీట్ ఉన్నచోట చెక్క లేదా ప్లాస్టిక్ పలకలు దింపవచ్చు. అవి విఫలమయ్యేది నడుమ విరిగి కాదు, పక్కల నుంచి. పలక ఒడ్డులోకి లోతుగా దిగకపోతే నీరు చుట్టూ తిరిగి కొత్త దారి తొలుస్తుంది. పై అంచు మధ్యలో కాస్త పల్లం ఉంచితే పొర్లే నీరు నడుమనే పడుతుంది. మేం చూసిన ఒక చెక్కకట్ట ఎడమ ఒడ్డున అరచెయ్యి పట్టేంత కంత పడింది. కట్ట చెక్కుచెదరలేదు, వెనక మడుగు మాత్రం ఖాళీ.

రాతికట్టల వెనక నిండిన మడ్డిలో కాటన్ గ్రాస్ మొలిచింది. అలాంటి తడిచోట్లే స్ఫాగ్నమ్ నారు నాటుతారు, పిడికెడు కుచ్చులుగా, పక్క మొక్కల నీడలో తల మాత్రం బయటికి ఉండేలా వేలితో నొక్కి. బోడి పీట్ మీద నాటితే ఎండకో మంచుకో ఊడిపోతుంది. ఒక కుచ్చును వేళ్ల మధ్య నొక్కి చూశాను. స్పంజిలా నీళ్లు కారాయి, వదలగానే మళ్లీ పీల్చుకుంది.

ఇన్నేళ్ల కొలతలు చెప్పిన మాట స్పష్టంగానే ఉంది. గడ్డి పరుచుకున్నచోట వరద ఆలస్యంగా వస్తుంది, దాని గరిష్ఠ ఉధృతి తగ్గుతుంది. కట్టలు తోడైతే ఇంకా నెమ్మదిస్తుంది. వాగులోకి దిగే మొత్తం నీరు మాత్రం పెద్దగా తగ్గలేదు. అంటే కొండ నీళ్లను మింగి దాచుకుంటోందని అనలేం. గరుకైన నేల మీద నీరు తడబడుతూ నడుస్తోంది. కింది లోయ ఊళ్లకు వరద వేళ ఆ తేడానే కావాలి.

ఇక్కడ నడవడానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. వంక దాటాలంటే కట్ట మీదుగా గానీ, కట్ట చివర ఒడ్డు మీదుగా గానీ అడుగు వేయకండి. అక్కడ రోజూ పదిమంది తొక్కితే ఆ పల్లంలోంచే నీరు దారి చేసుకుంటుంది. కాస్త దూరమైనా పైకి నడిచి, రాయి తేలినచోట దాటండి.