ఇంగ్లండ్ కౌన్సిల్ ఎన్నికలు: మనవాళ్ళ ఓటు ఎక్కడ జారిపోతోంది?

మాంచెస్టర్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో వర్క్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో ఉంటున్న భారత పౌరులకు అక్కడి కౌన్సిల్ (స్థానిక సంస్థ) ఎన్నికల్లో ఓటుంది. కామన్వెల్త్ పౌరులకు ఆ హక్కు చట్టమే ఇచ్చింది. ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కౌన్సిల్ టాక్స్, చెత్తబళ్ళు, లైబ్రరీలు, వృద్ధుల సంరక్షణ కౌన్సిలర్ల చేతిలోనే ఉంటాయి. పన్ను కడుతూ ఓటు వదిలేసుకోవడం అన్యాయం.

నమోదు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో చేసుకోవచ్చు. పోలింగుకు 12 పనిదినాల ముందు అర్ధరాత్రితో గడువు ముగుస్తుంది. సెలవులు పనిదినాల్లోకి రావు కాబట్టి, మే మొదటి గురువారం పోలింగ్ అంటే ఏప్రిల్ మధ్యకల్లా పని పూర్తవ్వాలి. ఇల్లు మారితే మళ్ళీ నమోదు తప్పదు.

పేరు విషయంలో మనవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. 2023 మే నుంచి పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు తప్పనిసరి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, గడువు దాటినా ముఖం పోలితే చాలు. అయితే జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే చిక్కే. పెళ్ళయ్యాక పేరు మారినవాళ్ళకూ అంతే. నమోదప్పుడే పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇప్పటికే తేడా ఉంటే కౌన్సిల్ ఎన్నికల విభాగానికి చెప్పి ముందే దిద్దించుకోండి. ఆధార్, ఫోన్‌లో చూపించే ఈవీసా, జిరాక్స్ కాపీ ఏవీ పనికిరావు. చెల్లే గుర్తింపు పత్రమేదీ లేకపోతే పోలింగుకు 6 పనిదినాల ముందు సాయంత్రం 5లోపు ఓటరు అథారిటీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి, ఉచితమే.

పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. ఇంటికొచ్చే పోల్ కార్డు మరిచిపోయినా ఫరవాలేదు. బ్యాలెట్ పైన ఎంతమందికి వేయవచ్చో రాసి ఉంటుంది, అది చదవండి. మాంచెస్టర్‌లో వార్డుకు ముగ్గురు కౌన్సిలర్లున్నా మామూలుగా ఒక్కో ఏడాది ఒక్కరినే ఎన్నుకుంటారు. బర్మింగ్‌హామ్‌లో 69 వార్డులు, 101 స్థానాలకు నాలుగేళ్ళకోసారి ఒకేసారి ఎన్నిక. కొన్ని వార్డుల్లో ఒక్కరు, కొన్నింట్లో ఇద్దరు. తక్కువమందికి వేస్తే చెల్లుతుంది, ఒక్క గుర్తు ఎక్కువైనా ఓటు పోతుంది. బ్యాలెట్ మీద పేరో సంతకమో పెట్టినా అంతే.

పోస్టల్ ఓటుకు 11 పనిదినాల ముందు సాయంత్రం 5లోపు దరఖాస్తు చేయాలి. బ్యాలెట్‌తో పాటు వచ్చే వివరాల కాగితంలో పుట్టినతేదీకి బదులు ఆనాటి తేదీ రాసేయడం మామూలు పొరపాటు. దరఖాస్తులో ఇంగ్లీషు సంతకం పెట్టి ఈ కాగితం మీద తెలుగులో పెడితే తిరస్కరిస్తారు. పోస్టు చేయడం ఆలస్యమైతే ఆ కవరు పోలింగ్ కేంద్రంలో చేతికిచ్చి, అక్కడి ఫారం నింపండి. ఊరికే వదిలేసి వస్తే లెక్కలోకి రాదు.

ఐఎల్‌ఆర్ ఉన్న భారత పౌరులు స్థానికంగా ఓటరైతే కౌన్సిలర్‌గా పోటీ కూడా చేయవచ్చు. డిపాజిట్ లేదు. ఆ వార్డు ఓటర్లలో ఒకరు ప్రతిపాదించి, ఒకరు బలపరిస్తే చాలు.