చాంట్రీ కుటుంబాన్ని వెతికిన ఆరు వారాలు

మాది పత్తికొండ. 1827 జులైలో మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో కలరాతో కన్నుమూసింది మా ఊళ్లోనే. మద్రాసులో ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రం మీద కూర్చున్న ఆయన కంచు విగ్రహాన్ని కాలేజీ రోజుల్లోనే చూశాను. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులూ లేవు. దాన్ని చేసిన శిల్పి చాంట్రీ మర్చిపోయాడని అందరూ చెప్పుకునేవాళ్లు. తర్వాతెప్పుడో తెలిసింది, లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నాలుగో జార్జి రాజు గుర్రాన్నీ ఆ శిల్పే అలాగే చేశాడని. రెండుసార్లు ఎవరు మర్చిపోతారు?

రిటైరయ్యాక ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలలకని వెళ్లాను. ఆ శిల్పి, సర్ ఫ్రాన్సిస్ చాంట్రీ, పుట్టిన నార్టన్ అక్కడికి బస్సు దూరమే. పొద్దుపోని ముసలాడికి ఇంకేం కావాలి? ఆయన కుటుంబం సంగతి పాత రికార్డుల్లోనే చూద్దామని బయల్దేరాను.

ఇంగ్లండులో జనన మరణాలను ప్రభుత్వం రాయడం మొదలైంది 1837 జులైలో. చాంట్రీ పుట్టింది 1781లో. అంటే చర్చి బాప్టిజం రిజిస్టరే గతి. షెఫీల్డ్ యార్క్‌షైర్‌లో ఉంది కదా అని యార్క్‌షైర్ సూచికల్లో రెండు వారాలు తలదూర్చాను. ఒక్క చాంట్రీ తగిలితే ఒట్టు. ఆ కాలంలో నార్టన్ పక్క జిల్లా డెర్బీషైర్‌లో ఉండేదని అప్పటిదాకా నాకు తట్టలేదు. మన బళ్లారి కథే. ఊరు ఎక్కడిదక్కడే ఉంది, హద్దు గీత జరిగింది.

పాత రికార్డులుండే ఆఫీసులో లోపలికి అడుగు పెట్టగానే జేబులో పెన్ను తీయించారు. పెన్సిల్ ఒక్కటే రానిస్తారు. రిజిస్టరు కూడా చేతికివ్వరు, మైక్రోఫిల్మ్ మీద చూసుకోవాలి. చక్రం తిప్పుతుంటే పేజీలు పాములా జారిపోతాయి. ఆనాటి రాతలో మాట మధ్య 'ఎస్' అచ్చం 'ఎఫ్'లా ఉంటుంది. అది పట్టుబడటానికి ఒక పూటంతా పట్టింది. ఇంటికెళ్లి కళ్లలో చుక్కలు వేసుకుంటే మా అమ్మాయి, "మీకెందుకు నాన్నా ఈ టెన్షన్?" అంది.

చాంట్రీ తండ్రి వడ్రంగి, కొంచెం సేద్యం కూడా ఉండేది. కొడుక్కి పన్నెండేళ్లప్పుడు పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. పిల్లవాడు గాడిద మీద షెఫీల్డ్‌కి పాలు మోసేవాడట. 1797లో కొయ్య చెక్కి బంగారుపూత పూసే ఒకాయన దగ్గర పనికి చేరాడు. గడువు తీరకముందే 1802లో 50 పౌండ్లు కట్టి బయటపడ్డాడు. 1809లో బంధువుల అమ్మాయి మేరీ ఆన్ వేల్‌ను పెళ్లాడాడు. ఆమె తెచ్చిన సొమ్ముతోనే లండన్‌లో నిలదొక్కుకున్నాడు.

వాళ్లకు పిల్లల్లేరు. నా కాగితం మీద గీసిన చెట్టు అక్కడితో ఆగిపోయింది.

ఆ ఆదివారం మా అమ్మాయి కారులో లిచ్‌ఫీల్డ్ కెథడ్రల్‌కి తీసుకెళ్లింది. అక్కడ చాంట్రీ 1817లో చూపించిన నిద్రపోతున్న అక్కాచెల్లెళ్ల పాలరాతి బొమ్మ ఉంది. ఒక బిడ్డ కాలిన గాయాలతో, ఇంకో బిడ్డ జబ్బుతో పోతే ఆ తల్లి చేయించుకుంది. చిన్నది అక్క మెడ దగ్గర ముఖం పెట్టుకుని పడుకుంది, చేతిలో చిన్న పూలగుత్తి. పరుపు నొక్కుకుపోయిన చోట రాయి మెత్తగా కనిపిస్తుంది. పిల్లల్ని కనని మనిషి చేసిన పని అని నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత 1841 జనాభా లెక్కలు చూశాను. వాటిలో పెద్దవాళ్ల వయసును ఐదు గుణిజానికి తగ్గించి రాశారు. పుట్టిన ఊరి పేరు అసలు లేదు, అదే కౌంటీలో, అంటే అక్కడి జిల్లాలో, పుట్టారా లేదా, కాకపోతే స్కాట్లండ్, ఐర్లండ్, విదేశాల్లోనా అన్నదే ఉంటుంది. నాలాంటి వాడికి అది ఏం ఉపయోగం? ఆ ఏడాది నవంబరులోనే చాంట్రీ పోయాడు.

అసలు సరుకు వీలునామాలో దొరికింది. గుమస్తా చేతిరాత, కామా కూడా లేని వాక్యాలు. చదవడానికి నాలుగు రోజులు పట్టింది. భార్య తదనంతరం ఆస్తిని లండన్‌లోని కళాకారుల సంస్థ రాయల్ అకాడమీకి రాశాడు, బ్రిటన్‌లో తయారైన చిత్రాలు, శిల్పాలు కొనడానికి. ఆవిడ 1875 దాకా బతికింది. అన్నేళ్లూ అకాడమీ ఎదురుచూసింది. అలా కొన్నవి ఇప్పుడు టేట్ గ్యాలరీలో ఉన్నాయి.

చివరగా నార్టన్ చర్చికి వెళ్లాం. ఆయన సమాధి అక్కడే ఉంది. చర్చి దగ్గరే ఒక రాతి స్తంభం, దానిమీద ఒకే మాట: 'చాంట్రీ'. ఫోటో తీస్తుండగా మా అమ్మాయి అడిగింది, "నాన్నా, మన ముత్తాత ఏ సంవత్సరంలో పుట్టాడు?" నాకు తెలియదు. ఆయన పేరు వరకే తెలుసు.

ఆ రాత్రి పత్తికొండలో పెద్దన్నకు ఫోన్ చేశాను. మన్రో పెట్టిన రైత్వారీ పుణ్యమా అని మా పూర్వీకుల పేరున పట్టా కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాను.

"ట్రంకుపెట్టెలో ఉండాయి లేరా, చెదలు తినంగ మిగిలినవి," అన్నాడు.