నీటి కింద ఎర్ర ఫిల్టర్‌తో: హావ్‌లాక్ డైవింగ్‌లో నా అనుభవం

అండమాన్‌లోని హావ్‌లాక్‌లో (ఇప్పుడు పేరు స్వరాజ్ ద్వీప్) స్కూబా కోర్సు చేసినప్పుడు తీసిన ఫోటోలు ఇంట్లో చూపిస్తే, "అన్నీ ఒకేలా ఉన్నాయేంట్రా, మధ్యలో చేప ఏదీ?" అంది మా అక్క. అన్నీ నీలమే మరి. నీళ్లు ముందు మింగేది ఎరుపునే. ఐదు మీటర్లు దాటేసరికి అది చాలావరకు పోతుంది, ఆ తర్వాత నారింజ, ఇంకా కిందికి వెళ్తే పసుపు.

మళ్లీ వెళ్లేముందు కెమెరాకు పెట్టే రంగు ఫిల్టర్ కొందామని చూస్తే ఎరుపు, మెజెంటా అని రెండు రకాలున్నాయి. అండమాన్‌లా నీలంగా ఉండే నీటికి ఎరుపు, ఆకుపచ్చగా ఉండే నీటికి మెజెంటా. మన రుషికొండ వైపు దిగేవాళ్లకు చాలాసార్లు రెండోదే నప్పుతుంది. నేను ఎరుపు తీసుకున్నాను, హౌసింగ్ (కెమెరాకు నీళ్లు తగలకుండా వేసే పెట్టె) ముందు తగిలించేది.

ఫిల్టర్ కొత్తగా ఎరుపును పుట్టించదని దిగేముందే తెలిసి ఉండాలి. ఎక్కువగా ఉన్న నీలం, ఆకుపచ్చలను కొంత అడ్డుకుంటుంది, అంతే. అందుకే కెమెరాకు చేరే వెలుగు తగ్గిపోతుంది, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచాలి, దాంతో ఫోటోలో చుక్కచుక్కలుగా గరుకు వస్తుంది. పైనుంచి ఎరుపు కొంచెమైనా దిగే లోతులోనే దానికి పని. నాకు ఐదు నుంచి పదిహేను మీటర్ల మధ్య బాగా పనిచేసింది. ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి డైవింగ్ సర్టిఫికెట్‌కు పరిమితి ఎలాగూ 18 మీటర్లే కాబట్టి పెద్దగా లోటు అనిపించలేదు.

హావ్‌లాక్‌లోని నెమో రీఫ్ అనే డైవింగ్ చోట లోతు తక్కువ, అక్కడే మొదలుపెట్టాం. నీళ్లలోకి దిగగానే ఫిల్టర్‌ను ఒకసారి వదులు చేసి ఊపాలి. లేకపోతే దానికీ హౌసింగ్ అద్దానికీ మధ్య గాలి బుడగ ఇరుక్కుని ప్రతి ఫోటోలోనూ కనిపిస్తుంది. తర్వాత వైట్ బ్యాలెన్స్, అంటే ఏది తెలుపో కెమెరాకు చెప్పడం. తెల్ల పలక చూపించి సెట్ చేయాలి. పలక లేకపోతే అడుగున ఉన్న ఇసుక చాలని మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పాడు, నిజంగానే చాలింది. చిక్కేమిటంటే మూడు మీటర్లు పైకో కిందికో జరిగితే మళ్లీ మొదటినుంచి సెట్ చేసుకోవాలి. ఓపిక లేని బడ్డీతో (జతగా దిగే డైవర్‌తో) వెళ్తే గొడవే.

సూర్యుడు వీపు వెనక ఉండాలి. చేపకు వీలైనంత దగ్గరగా వెళ్లాలి, ఎందుకంటే వెలుగు పైనుంచి దిగే దూరమొక్కటే లెక్క కాదు. ఐదు మీటర్ల లోతులో, మూడు మీటర్ల అవతల ఉన్న చేపను తీస్తే దాదాపు ఎనిమిది మీటర్ల నీళ్లు దాటిన వెలుగు అది. ఇది పట్టుబడ్డాక క్లౌన్ ఫిష్ నారింజ రంగు నారింజగానే వచ్చింది. రా ఫార్మాట్‌లో (కెమెరా సవరించని పూర్తి సమాచారంతో) తీశాను కాబట్టి మిగిలిన సవరింపు ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో తేలిగ్గా అయిపోయింది.

టార్చ్ వేస్తే మాత్రం ఫిల్టర్ తీసేయాల్సిందే. టార్చ్ వెలుగులో ఎరుపు నిండుగా ఉంటుంది, పైగా ఫిల్టర్ కూడా ఉంటే ఎదురుగా ఉన్న పగడం కుంకుమ పూసినట్టు వస్తుంది. నీటి కింద రంగుకు అసలు పాత దారి వెలుగును మనమే తీసుకెళ్లడం. 1926లో ఫ్లోరిడా దగ్గర డ్రై టోర్టుగాస్‌లో లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు సముద్రంలో చేపను మొదటిసారి కలర్‌లో ఫోటో తీసినప్పుడు, పైన తెప్ప మీద మెగ్నీషియం పొడి పేల్చి ఆ వెలుగులో తీశారు. ప్రాణాలకు తెగించిన పని!

ఇక ఎర్ర రంగు అద్దాల మాస్క్. తోటి డైవర్ దగ్గర అడిగి పెట్టుకుని చూశాను. మొదట్లో భలే అనిపించింది, పగడాలకు ప్రాణం వచ్చినట్టుంది. కాసేపటికి కళ్లు అలవాటు పడిపోయాయి. మామూలు మాస్క్‌లో కూడా మెదడు తనంతట తాను కొంత సర్దుకుంటుంది కదా, కెమెరాకు ఆ సౌకర్యం లేదు. కిందికి వెళ్లేకొద్దీ చీకటి ఎక్కువై గేజ్ (లోతు, గాలి ఎంతుందో చూపే మీటర్) అంకెలు చూడటం కష్టమైంది. పైగా ఆ అద్దాల వెనక నా కళ్లు తనకు సరిగా కనబడటం లేదని ఇన్‌స్ట్రక్టర్ చిరాకుపడ్డాడు. మనం టెన్షన్ పడుతున్నామో లేదో వాళ్లు కళ్లలోనే కనిపెడతారు. నన్నడిగితే ఆ డబ్బుతో మాస్క్‌కు పవర్ అద్దాలు వేయించుకోవడం మేలు.

అడ్వాన్స్‌డ్ కోర్సు అయ్యాక హావ్‌లాక్ దగ్గరి డిక్సన్స్ పినాకిల్ అనే డైవింగ్ చోటుకు వెళ్లాలని ఉంది. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి ఫిల్టర్‌ను పడవలోనే వదిలేసి మంచి వీడియో లైటు పట్టుకెళ్తాను. దాని ధర చూసి ఇంకా ఆలోచిస్తున్నాను.