చంటిపాపతో అరకు: ఒంటిచేత్తో సర్దుకునే బట్టలు

అరకు వెళ్దామని మా ఆయన అన్నప్పుడు పాపకు ఐదో నెల నడుస్తోంది. టికెట్లు, గది ఆయన చూసుకున్నారు. నా వంతుకు బట్టలు వచ్చాయి. "బాలింతవు, ఆ చలిలో ఏం కట్టుకుంటావే?" అని అమ్మ ఫోను చేసింది. "పాప స్వెట్టర్లన్నీ సర్దావా అమ్మాయీ? నీదేముంది, ఏదో ఒకటి వేసుకో" అన్నారు అత్తయ్య. ఆ మాట దగ్గరే నాకు పట్టుదల వచ్చింది. కాన్పు అయినప్పటి నుంచి పాల మరకల నైటీలో తప్ప అద్దంలో నన్ను నేను చూసుకోలేదు. డిసెంబరు మొదట్లో అరకు కొండల మీద వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు పూసి ఉంటాయి. వాటి ముందు నైటీలో నిలబడి ఫొటో దిగే ఉద్దేశం నాకు లేదు.

బీరువా తెరిస్తే ఒక్కటీ పనికొచ్చేలా లేదు. పెళ్లయిన కొత్తలో కుట్టించుకున్న జాకెట్లన్నిటికీ వెనుక హుక్కులు, వీపు మీద తాళ్లు, ఆ తాళ్లకు గవ్వల కుచ్చులు. కుర్తాలకు మెడ దాకా మూసిన కాలరు. పాలివ్వాలంటే కింది నుంచి పైకెత్తాలి, పైకెత్తితే పొట్టంతా చలికి. మా అమ్మమ్మ ముడి రవికలు వేసుకునేది. ముందువైపు రెండు కొసలు, ఒక ముడి, లాగితే విడిపోయేది. పదిమంది మధ్యలో కూర్చుని, పైట చాటున ఏడుపు రెండో రాగం అందుకోకముందే బిడ్డకు పాలు పట్టేసేదట. హుక్కులను వీపు మీదికి తరలించిన మహానుభావులెవరో చంటిపిల్లను ఎప్పుడూ ఎత్తుకుని ఉండరు.

అందుకని కొత్తగా రెండు కుర్తాలు కుట్టించాను. ఒకటి మంగళగిరి నూలు, ముదురు నీలం. గుంట మగ్గం మీద గట్టిగా దువ్వి నేసిన బట్ట కనుక సాగదు, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. దాని అందమంతా సన్నటి జరీ అంచులో ఉంటుంది, సమస్య కూడా అక్కడే. మెడ చుట్టూ జరీ వేస్తే పాప చెంప గీసుకుపోతుంది. అంచును చేతుల చివర్లకు, కింది ఘేరాకు వేయమని టైలరుతో చెప్పాను. ఎదన రెండు పక్కలా నిలువు కుట్టులో కలిసిపోయేలా జిప్పులు పెట్టించాను. మూసి ఉంటే మామూలు కుర్తాయే. టైలరు మొదట తలపంకించి, తర్వాత ఆయనే జిప్పు వెనుక ఒక బట్ట పట్టీ వేసి కుట్టాడు, పళ్లు ఒంటికి తగలకుండా. అది నాకు తట్టని సంగతి.

రెండోది పెడన కలంకారీ. కొయ్య అచ్చులతో అద్దిన పూలు, తీగలు ఒత్తుగా ఉన్న గుడ్డను ఏరుకున్నాను. సాదా రంగు బట్ట మీద పాలు ఉబికితే రూపాయి బిళ్లంత తడి మచ్చ ఊరంతటికీ కనిపిస్తుంది. కలంకారీ పూల మధ్య అది ఎక్కడుందో నేనే వెతుక్కోవాలి. అయితే పాప దొరికిన కొసనల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉంది. అందుకే నీళ్లలోకి రంగు దిగడం ఆగేదాకా ఉతికించి, ఆ తర్వాతే కుట్టడానికి ఇచ్చాను. చమ్కీలు, అతికించిన పూసలు, ఊడివచ్చే గుండీలు ఉన్న బట్టల జోలికే పోలేదు. వాటిని పీకి నోట్లో వేసుకోవడానికి పాపకు ఒక్క క్షణం చాలు.

నడుము సంగతి వేరే చెప్పాలి. నాది ఆపరేషన్ కాన్పు. కుట్లు మానిపోయినా ఆ గీత దగ్గర ఒరిపిడి తగిలితే చిరచిరలాడుతుంది. నడుము దిగువన బిగించే జీన్సు అంచు సరిగ్గా అక్కడే వచ్చి ఆగుతుంది. లంగా బొందునైనా బొడ్డు పైకి జరిపి కట్టుకోవచ్చు కానీ ఎంతోసేపు అక్కడ నిలవదు. కాబట్టి బొందులు తీసేయించి, బొడ్డు పైదాకా వచ్చే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ వేయించాను. ప్యాంటు చీలమండ దగ్గరే ఆగేలా కత్తిరించారు. మెట్లు దిగేటప్పుడు చేతిలో బిడ్డ ఉంటే మన పాదాలు మనకు కనబడవు, కింద జీరాడే పలాజో అలాంటప్పుడు ప్రమాదం.

ఇక బండి. విశాఖలో పొద్దున ఏడు లోపు బయల్దేరే కిరండూల్ పాసింజరుకు తగిలించిన అద్దాల పెట్టెలో ఎక్కాం. 2017లో వచ్చిన ఈ విస్టాడోమ్ పెట్టెలో పైకప్పులోనూ అద్దాలే, కుర్చీలు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. లోపల ఏసీ చలి, నెత్తిన ఎండ. శృంగవరపుకోట దాటి ఘాటు మొదలయ్యేసరికి నేను శాలువా కప్పడం, తీయడం ఎన్నోసార్లు జరిగింది. ఒక మందపాటి స్వెట్టరు కన్నా పలచటి పొరలు రెండు మేలని అక్కడే రుజువైంది: లోపల నూలు కుర్తా, పైన ముందువైపు పూర్తిగా తెరుచుకునే పొట్టి కోటు. తల మీదుగా తొడిగే స్వెట్టరు చంటిపిల్ల తల్లికి శత్రువు.

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. మొత్తం 58 సొరంగాలట. ఘాటు మీద అవి ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి. త్యాడ దాటాక పాపకు ఆకలేసింది. పగటి వెలుగులో అద్దాల అవతల అడవి, లోయ. సొరంగంలోకి దూరగానే ఆ అద్దాలే నిలువుటద్దాలు! ముందు వరుసలో కూర్చున్న పెద్దాయనకు వెనుక వరుసంతా స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన మర్యాదస్తుడు, సొరంగం వచ్చినప్పుడల్లా టోపీ ముందుకు లాక్కున్నారు.

పాలిచ్చేటప్పుడు కప్పుకునేందుకని ఒక స్నేహితురాలు బహుమతిగా ఇచ్చిన రెడీమేడ్ ముసుగు నా దగ్గర ఉంది. మెడ దగ్గర తీగ ఉండి గొడుగులా నిలబడుతుంది. ఏ దిక్కు నుంచి చూసినా నేను బిడ్డకు పాలిస్తున్నానని చాటింపు వేసినట్టే. పైగా లోపల పాపకు ఉక్క, బయట నాకు యుద్ధం. దాన్ని పక్కన పెట్టి, వెడల్పాటి నూలు చున్నీ ఒక కొసను భుజం దగ్గర లోపలి పట్టీ కింద దోపి, రెండో కొసను పాప నడుము చుట్టూ తిప్పాను. చాటుకు చాటు, పాపకు గాలి. ఎడమ చేతిలో పాప తల, కుడిచేత్తో జిప్పు. మరో సొరంగం వచ్చే లోపు పని అయిపోయింది. ఒకప్పుడు దేశంలోనే అత్యంత ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషనుగా పేరున్న శిమిలిగుడను పాప నిద్రలోనే దాటేసింది.

అరకులో దిగాక, సాయంత్రం కాగానే చలి కూడా దిగింది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైనున్న లోయ, చలికాలం తెల్లవారుజామున పది డిగ్రీల దిగువకు పోవడం మామూలే. అత్తయ్య పంపిన ఉన్ని స్వెట్టరుకు ఊలు బంతులు వేలాడుతున్నాయి, అది వేస్తే పాప చేతులు ఆడవు. మనం ఎన్ని పొరలు వేసుకుంటే బిడ్డకు అంతకన్నా ఒకటి ఎక్కువ, అంతే చాలని పిల్లల డాక్టరు చెప్పారు. చేతులు, కాళ్లు చల్లగా తగిలినంత మాత్రాన కంగారు అక్కర్లేదు, మెడ వెనుక వేలు పెట్టి చూస్తే ఒళ్లు వెచ్చగా ఉందో చెమట పట్టిందో తెలుస్తుంది. నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయమన్నారు, ఒళ్లు వేడెక్కిపోకుండా. ఇది ఫోనులో అత్తయ్యకు చెప్పలేదు.

పాప ఒంటికి ఆనేది మా తాతయ్య పాత పొందూరు ఖద్దరు పంచెతో కుట్టిన చొక్కా. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి నూలు వడుకుతారు. అలాంటి పంచె ఏళ్ల తరబడి ఉతికాక వెన్నలా అయిపోయింది. పక్కన ముడులు వేసే చొక్కా కనుక తల మీదుగా తొడిగే బాధ లేదు. పసిపిల్లలకు మొదట పాతబట్టలే వేయాలని మన ఇళ్లలో ఊరికే అనలేదనిపిస్తుంది. కొత్తబట్టకుండే గంజి, రంగు, మడత ఆ ఒంటికి పడవు.

నా చెవుల్లో దూది పెట్టుకున్నానా లేదా అని అమ్మ వీడియో కాల్‌లో తనిఖీ చేసింది. ఇక్కత్ స్కార్ఫును తలకు చుట్టి, చెవులు కప్పి, వెనుక ముడివేసుకుని చూపించాను. అమ్మకు బాలింత జాగ్రత్త కనిపించింది, నాకు రాలుతున్న జుట్టు కనిపించకుండా పోయింది. కాన్పయ్యాక కొన్ని నెలలకు జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా రావడం చాలామందికి జరిగేదే. అది తిరిగి మొలిచేదాకా స్కార్ఫు మంచి తోడు, పాప గుప్పిట్లోంచి జడను కూడా కాపాడుతుంది.

మర్నాడు దారిలో వలిసె చేల దగ్గర ఆగాం. పసుపు ముందు ముదురు నీలం ఎంత బాగుందో చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. కానీ ఆ చేల గట్టు మీద నా బట్టల కన్నా బాగా ఆలోచించి కట్టిన బట్టలు చూశాను. సంతకు వెళ్తున్న గిరిజన స్త్రీలు కొందరు చీరను మోకాలికి కాస్త కిందికి మాత్రమే వచ్చేలా కట్టి, భుజం మీద ముడివేసుకున్నారు. కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడవు, పైట జారదు. ఒకామె వీపు మీద మరో గుడ్డలో బిడ్డ కట్టి ఉంది, తల మీద గంప, రెండు చేతులూ ఖాళీ. ఆమె చకచకా ఎక్కుతున్న వాలు మీద నేను సంచీ, పాప, నీళ్ల సీసాలతో మూడు అడుగులకోసారి ఆగుతున్నాను. చెవులకు, ముక్కుకు ఆమె పెట్టుకున్న నగలు మెరుస్తూనే ఉన్నాయి. సౌకర్యం కోసం సింగారం వదులుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. "చిన్నదా?" అని నా పాప వైపు చూసి అడిగింది. ఐదు నెలలన్నాను. తన బిడ్డ కాళ్లను ఒకసారి వెనక్కి తడిమి చూసుకుని నవ్వి వెళ్లిపోయింది.

బొర్రా గుహల్లోకి వెళ్లేటప్పుడు నేనూ పాపను గుడ్డ ఊయలలో ఎదకు కట్టుకున్నాను. ఇది కొన్నదే, భుజం దగ్గర కడియంలో దూర్చి బిగించే రకం. కట్టుకున్నాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: పాప మొహం ఎప్పుడూ మన కంటికి కనిపించాలి, గడ్డం తన ఎదకు ఆనుకుని ఊపిరికి అడ్డం కాకూడదు, మోకాళ్లు పిరుదుల కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. వంగి ముద్దు పెట్టుకోగలిగేంత పైకి కట్టాలి. సున్నపురాయిని నీళ్లు తొలిచి చేసిన గుహలవి, గోస్తనీ నది అక్కడి నుంచే వస్తుంది. లోపల మెట్లు చెమ్మగా ఉంటాయి. ఒక చెయ్యి కమ్మీ మీద, ఒకటి పాప వీపు మీద. వెనుక పట్టీ ఉన్న రబ్బరు అడుగు చెప్పులు వేసుకోవడం ఎంత మంచిదయిందో! నా ముందు ఒకావిడ మడమల చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని దిగుతోంది. బయట చలి ఉన్నా లోపల ఉక్కపోత, ముందు తెరుచుకునే కోటు అక్కడ మళ్లీ పనికొచ్చింది. గొలుసు, వేలాడే లోలాకులు గదిలోనే వదిలేశాను. చెవులకు చిన్న రాళ్ల దుద్దులు, చేతికి గాజుల బదులు ఒక వెండి కడియం. పిన్నీసులు మాత్రం ఒంటి మీద ఒక్కటీ లేకుండా చూసుకున్నాను.

తిరుగు ప్రయాణం కారులో, అనంతగిరి కాఫీ తోటల మధ్య మలుపుల దారి. నాలుగో మలుపులో పాప తాగిన పాలన్నీ వాళ్ల నాన్న చొక్కా మీదికి పంపింది. మొదటి రోజు నుంచీ ఆయన భుజాన కండువా వేయమని నేను పోరుతుంటే "పెళ్లికి వెళ్తున్నామా?" అని నవ్వారు. అనంతగిరిలో కాఫీకి ఆగినప్పుడు తనంతట తానే సంచీ తెరిచి కండువా తీసుకున్నారు. ఆ సంచీలో పైనే ఒక గుడ్డ సంచీ ఉంచేదాన్ని: పాపకు ఒక జత, నాకు ఒక పై కుర్తా, తడి బట్టలకు జిప్పున్న కవరు. మొత్తం సామాను కింద ఎక్కడో మార్పు బట్టలు పెట్టుకుంటే ఘాటు రోడ్డు మీద డిక్కీ విప్పి వెతకాల్సిందే. నా కలంకారీ మీద కూడా కొంత పడింది, తడి గుడ్డతో తుడిచాను, కాఫీ తాగేలోపు మరక ఏ పువ్వు కిందో కలిసిపోయింది.

ఇప్పుడు ఇంట్లో తిరుమల ప్రయాణం మాట నడుస్తోంది. ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక ప్రవేశ దారిలో దర్శనానికి పంపుతారు కనుక పుట్టినరోజు లోపే వెళ్లాలంటున్నారు మామయ్య. అక్కడికి చీర కట్టుకోవాలని నాకుంది. వెంకటగిరి నూలు చీర ఒకటి తీసి పెట్టాను, తేలిక, పెద్ద జరీ లేదు. దాని జాకెట్టు టైలరు దగ్గరే ఉంది. హుక్కులు ముందుకు మార్చి, పై రెండింటి స్థానంలో నొక్కు గుండీలు వేయమన్నాను.