యాభై డాలర్ల నోటు మీద ఎండుచేపలు

సింగపూర్‌లో దిగిన మూడో రోజు. లిటిల్ ఇండియాలో టెక్కా మార్కెట్ దగ్గర మా అమ్మాయి నా చేతిలో యాభై డాలర్ల నోటు పెట్టి, "నాన్నా, నువ్వు కూరగాయలు చూస్తూ ఉండు, నేను బుడ్డోడికి జుట్టు కత్తిరించి తీసుకొస్తా" అంది.

కొత్త నోటు చేతికొస్తే రెండు వైపులా తిప్పి చూడటం నాకు అలవాటు. ముందువైపు ఆ దేశపు మొదటి అధ్యక్షుడు యూసుఫ్ బిన్ ఇషాక్. వెనక్కి తిప్పగానే వీణ కనిపించింది. మన వీణే! దానితోపాటు వయొలిన్, చైనావాళ్ల తీగల వాద్యం పిపా, మలయ్‌వాళ్ల డప్పు కొంపాంగ్. వాటి దగ్గరే రెండు వర్ణచిత్రాలు. ఒకదాంట్లో తీగల మధ్య రెండు గిబ్బన్లు, తోక లేని కోతుల్లాంటివి. రెండోదాంట్లో మనుషులు చేపలు ఎండబెడుతున్నారు.

కూరగాయల సంగతి మర్చిపోయాను. నేను పుట్టి పెరిగింది ఉప్పాడ పక్కన. నెత్తళ్లు, కవళ్లు ఇసకలో ఆరబోయడం, కాకుల్ని తోలడం, మబ్బు పట్టిందంటే పరుగున వెళ్లి గంపలకెత్తడం, ఇదంతా మా అమ్మ చేసిన పని. చొక్కాకి ఆ వాసన ఉందని బళ్లో నా పక్కన కూర్చోని పిల్లలుండేవాళ్లు. అలాంటి పనిని ఒక దేశం తన డబ్బు మీద అచ్చు వేసుకుంది.

ఆ రాత్రి మా అల్లుడూ నేనూ కూర్చుని వెతికాం. గిబ్బన్లు వేసినాయన చెన్ వెన్ సి. చేపల బొమ్మ చియోంగ్ సూ పియెంగ్‌ది. ఇద్దరూ చైనా నుంచి వలస వచ్చినవాళ్లే, ఇద్దరూ ఇక్కడ చిత్రలేఖనం పాఠాలు చెప్పినవాళ్లే. చేపల బొమ్మ అసలుది నేషనల్ గ్యాలరీలో ఉందని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు డ్రాయింగ్ మాస్టారిగా చేసినవాడిని, ఎలా పడుతుంది?

పొద్దున్నే లిటిల్ ఇండియా నుంచి నడుస్తూనే బయల్దేరాం. దారిలో బెన్‌కూలెన్ వీధిలో నాన్యాంగ్ అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ తగిలింది. నాన్యాంగ్ అంటే దక్షిణ సముద్రం, ఈ ప్రాంతాలకి చైనావాళ్లు పెట్టుకున్న పేరు. 1938లో ఈ సంస్థని పెట్టిన లిమ్ హాక్ తాయ్ కూడా చైనా నుంచి వచ్చినవాడే. మీ కళ్లముందున్న ఈ దక్షిణ సముద్రపు బతుకుని గీయండి అన్నది ఆయన పట్టు. సూ పియెంగ్ 1917లో షియామెన్‌లో పుట్టాడు. అక్కడా, తర్వాత షాంఘైలోనూ చదివాడు. యుద్ధం వచ్చి ఆ చదువు మధ్యలో ఆగింది. 1946 చివర్లో సింగపూర్ చేరాడు. 1947 నుంచి 1961 దాకా ఈ అకాడమీలో పాఠాలు చెప్పాడు. ఆయన చెప్పింది ఇప్పుడున్న ఈ భవనంలో కాదు. అయినా చంకలో పెద్ద పెద్ద అట్టలు పెట్టుకుని లోపలికి వెళ్తున్న పిల్లల్ని చూస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాను.

నా బడి గుర్తొచ్చింది. పరీక్షలొస్తున్నాయంటే ముందు పోయేది డ్రాయింగ్ పీరియడే, లెక్కలకి ఇచ్చేసేవాళ్లు. ఆ బాధ ఒకటి. దానికంటే పెద్ద బాధ, మిగిలిన పీరియడ్లలో నేను గీయించిందేమిటన్నది. మంచు కొండలు, వాటి మధ్య నుంచి పొడుచుకొస్తున్న సూర్యుడు, ఒక వాగు, ఒక పెంకుటిల్లు. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్లల చేత మంచు కొండలు గీయించాను. ఎండుచేపలు గీయమని ఏ ఒక్క రోజూ అనలేదు.

పాత సుప్రీంకోర్టు, సిటీ హాల్ భవనాలు రెండింటినీ కలిపి 2015లో గ్యాలరీగా తెరిచారు. భవనం గొప్పగా ఉంది గానీ నా ధ్యాస దాని మీద లేదు.

బొమ్మ పెద్దదేం కాదు, వెడల్పు మీటరు కూడా ఉండదు. గుడ్డ మీద సిరా, రంగులు. ఆ మనుషుల్ని చూడగానే, "అమ్మాయ్, తోలుబొమ్మలే!" అన్నాను పైకే. సాగిన చేతులు, సన్నటి మెడలు, బాదం గింజల్లాంటి వాలుకళ్లు. కాకినాడ పక్కన మాధవపట్నంలో చూసిన తోలుబొమ్మలు మనసులో మెదిలాయి. సూ పియెంగ్‌కి ఆ ఒడుపు పట్టించింది మాత్రం ఇండోనేషియావాళ్ల తోలుబొమ్మలు, వాయాంగ్ కులిత్. 1952లో ఆయన, చెన్ వెన్ సి, లియు కాంగ్, చెన్ చోంగ్ స్వీ, నలుగురు చిత్రకారులూ కలిసి బాలి ద్వీపానికి వెళ్లారు. మరుసటి ఏడాది అక్కడ వేసిన బొమ్మలతో సింగపూర్‌లో ప్రదర్శన పెట్టారు. ఇక్కడి చిత్రకళ గురించి ఎవరు మాట్లాడినా ఆ ప్రయాణం ప్రస్తావన వస్తుంది.

నన్ను కదిలించింది ఇంకొకటి. 1961లో ఉద్యోగం వదిలి ఆయన యూరప్ వెళ్లాడు, రెండేళ్లున్నాడు. మనుషుల రూపాలే లేని బొమ్మలు వేశాడు. వెనక్కొచ్చాక లోహపు రేకులతో కూడా ప్రయోగాలు చేశాడు. అవన్నీ అయ్యాక, 1978లో ఈ చేపల బొమ్మ. అంటే సింగపూర్‌లో అడుగుపెట్టిన ముప్ఫై రెండేళ్లకి. ఎదురుగా ఉన్నదాన్ని ఇంత ప్రేమగా చూడటానికి ఒక మనిషికి అన్నేళ్ల చూపు కావాల్సి వచ్చింది. 1983లో పోయాడు. నోటు వచ్చింది 1999లో. తన బొమ్మ జనం జేబుల్లోకి చేరడం ఆయన చూడనే లేదు.

మనవడికి ఆకలేస్తోందని అమ్మాయి వాడిని తీసుకుని కిందకి వెళ్లింది. నేను బల్ల మీద కూర్చుని నోటుపుస్తకం తీశాను. చేప పట్టుకున్న ఒక చెయ్యి గీద్దామనుకున్నాను. పొట్టిగా వచ్చింది, మామూలు మనిషి చెయ్యిలా. మళ్లీ చూశాను. భుజం నుంచి మణికట్టు దాకా ఎక్కడా విరుపు లేదు, నీళ్లు జారినట్టు ఒకటే గీత. చేపని ఇసక మీద పెట్టేటప్పుడు మా అమ్మ చెయ్యి అలాగే సాగేది. పేజీ తిప్పి, ఈసారి పెన్సిల్ ఎత్తకుండా మొదలుపెట్టాను.