పాత కారు మీటర్లు: ముల్లును తప్పుపట్టే ముందు ఎర్త్ చూడండి

పాత కారులో పెట్రోలు ముల్లు పడిపోతే చాలామంది చేసే మొదటి పని మీటరు మార్చేయడం. చెన్నైలో అది సులువు కూడా. పుదుప్పేటకు వెళ్తే పాత బండ్లనుంచి ఊడదీసిన మీటరు బోర్డులు దొరుకుతాయి. తెచ్చి బిగిస్తారు, కప్లర్ (వైర్లను బోర్డుకు కలిపే ప్లగ్గు) కదిలినందువల్ల కొన్నాళ్లు బాగా చూపిస్తుంది, వానలు మొదలుకాగానే మళ్లీ మొదటికి వస్తుంది. ఈ మీటర్లు అంత తేలిగ్గా చెడిపోయేవి కావు. ఆ కాలపు చాలా బండ్లలో లోపల ఉండేది రెండు లోహాలు అతికించిన ఒక పట్టీ, దానికి చుట్టిన సన్నటి తీగ. కరెంటు పారితే పట్టీ వేడెక్కి వంగి ముల్లును నెడుతుంది. అందుకే తాళం తిప్పాక ముల్లు నింపాదిగా పాకుతూ లేస్తుంది. అందులో అరిగేది దాదాపు ఏమీ లేదు. చెడేవన్నీ దాని చుట్టూ ఉంటాయి: ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి), కప్లర్, మీటర్లకు వోల్టేజిని అదుపు చేసే స్టెబిలైజర్, ట్యాంకులో పెట్రోలు మట్టంతోపాటు లేచి దిగే ఫ్లోటు.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. ఒక మల్టీమీటర్, 12 వోల్టుల 3.4 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికించిన టెస్ట్ ల్యాంపు, కాంటాక్ట్ క్లీనర్ డబ్బా. మూడూ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. బోర్డు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, వెనకనుంచి స్పీడోమీటరు కేబులు ఊడదీశాకే బోర్డును ముందుకు లాగండి. లేకపోతే కేబులు చివర విరుగుతుంది.

విప్పకముందే సగం సంగతి తెలిసిపోతుంది. పెట్రోలు ముల్లు ఒక్కటే పనిచేయకపోతే ట్యాంకు వైపు వెళ్లండి. పెట్రోలు, టెంపరేచర్ రెండూ ఒకేసారి పడిపోయినా, రెండూ ఒకేసారి ఎక్కువ చూపించినా తప్పు ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటే, అంటే ఎర్త్‌లోనో స్టెబిలైజర్‌లోనో ఉంటుంది. వార్నింగ్ లైట్లతో సహా అన్నీ ఆగిపోతే ముందు ఫ్యూజు చూడాలి. గాజు ఫ్యూజయితే తీగ తెగకపోయినా మూతలు వదులై కరెంటు అందకపోవచ్చు, అందుకని కంటితో చూసి వదిలేయకుండా మల్టీమీటర్ పెట్టి చూడండి.

ఇక హెడ్‌లైట్ వేయగానే ముళ్లు పైకి లేచినా, ఇండికేటర్ కొట్టుకునే లయలో వణికినా, అది ఎర్త్ తప్పే. ఎందుకో లెక్క చూడండి. బోర్డు వెనక 3.4 వాట్ల బల్బులు ఆరు వెలిగితే కరెంటు సుమారు 1.7 ఆంపియర్లు. ఆ కరెంటంతా ఒకే నల్ల వైరు మీదుగా బాడీకి చేరాలి. స్క్రూ కింద చిలుము పట్టి ఒక్క ఓమ్ అడ్డు వచ్చినా చాలు, బోర్డు ఎర్త్ దాదాపు ఒకటిన్నర వోల్టు పైకి లేస్తుంది. ఆ ఎర్త్‌ను ఆధారం చేసుకున్న స్టెబిలైజర్ అవుట్‌పుట్ కూడా అంతే పైకి జరుగుతుంది. కానీ ట్యాంకులోని ఫ్లోటుకు ఎర్త్ బాడీ నుంచే కాబట్టి మీటరు గుండా కరెంటు ఎక్కువ పారి, లేని పెట్రోలు ఉన్నట్టు చూపిస్తుంది.

దీన్ని ఓమ్‌లలో కొలవకండి, పని చేస్తున్నప్పుడే కొలవాలి. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది బోర్డు ఎర్త్ మీద ఉంచి లైట్లన్నీ వేయండి. 0.1 వోల్టు లోపల ఉంటే మంచిదే. 0.2 దాటితే ఆ దారిలో ఎక్కడో చిలుము ఉంది. బీసెంట్ నగర్, తిరువొత్తియూరు లాంటి ఉప్పు గాలి తగిలే చోట్ల నిలిపే బండ్లలో ఇది మామూలే. స్క్రూ విప్పితే రింగ్ టెర్మినల్ కింద పచ్చటి పొడి, దాని కింద బాడీ రేకు మీద ఎర్రటి తుప్పు కనిపిస్తాయి. రేకు మెరిసేదాకా ఎమెరీ పేపరుతో రుద్ది, కొత్త టెర్మినల్ వేసి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. బిగించకముందు పూయాల్సిన పని లేదు.

ఎర్త్ బాగుండి కూడా రెండు ముళ్లూ తప్పు చూపిస్తే స్టెబిలైజర్ వంతు. 12 వోల్టులను ఆపి ఆపి పంపిస్తూ సగటున తక్కువ వోల్టేజి ఇచ్చే చిన్న డబ్బీ అది. స్మిత్స్ అనే బ్రిటిష్ కంపెనీ రకం మీటర్లలో ఆ సగటు 10 వోల్టులు. డిజిటల్ మల్టీమీటర్ పెడితే అంకెలు ఎగిరెగిరి పడతాయి, దాన్ని చూసి కంగారు పడొద్దు. టెస్ట్ ల్యాంపు పెడితే వెలుగుతూ ఆరుతూ ఉండాలి. ఆరకుండా వెలిగితే లోపలి కాంటాక్ట్ అతుక్కుపోయింది, లేదా డబ్బీకే ఎర్త్ లేదు. అసలు వెలగకపోతే, ఇన్‌పుట్‌లో 12 వోల్టులు వస్తున్నాయని చూసుకున్నాక, డబ్బీ పోయినట్టే. మీ మీటర్లు 10 వోల్టులవేనని రూఢి అయితే దాని స్థానంలో నిలకడగా 10 వోల్టులు ఇచ్చే 7810 ఐసీ వేయొచ్చు. ఇన్‌పుట్‌కూ ఎర్త్‌కూ మధ్య 0.33 మైక్రోఫారడ్, అవుట్‌పుట్‌కూ ఎర్త్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, ఐసీ వీపును లోహపు రేకుకు బిగించండి. వేడి పోవడానికీ ఎర్త్‌కూ అదే చాలు. తాళం తిప్పగానే ముల్లు టక్కున లేచే రకం బండ్లలో చాలావాటికి స్టెబిలైజరే ఉండదు, వాటిలో దీనికోసం వెతక్కండి.

పెట్రోలు ముల్లు ఒక్కటే అయితే ట్యాంకు యూనిట్ (ఫ్లోటు, దాని తీగచుట్ట ఉండే భాగం) వైరు తీసి, టెస్ట్ ల్యాంపు మీదుగా బాడీకి తగిలించండి. తక్కువ ఓమ్‌లకు ఫుల్ చూపించే రకంలో ముల్లు పైకి పాకాలి. పాకితే మీటరూ వైరూ మంచివే. ఈ పరీక్ష ట్యాంకు మూతకు దూరంగా ఉన్న కప్లర్ దగ్గరే చేయాలి. పెట్రోలు ఆవిరి దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. తర్వాత యూనిట్‌ను బయటికి తీసి, ఓమ్‌లు చూస్తూ ఫ్లోటు చేతిని మెల్లగా కిందనుంచి పైకి జరపండి. అంకె జారుతున్నట్టు మారాలి, మధ్యలో ఎక్కడా తెగిపోకూడదు. ఎప్పుడూ పావు ట్యాంకుతోనే తిరిగే బండ్లలో తీగచుట్ట సరిగ్గా ఆ మేరే అరిగి ఉంటుంది. ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి, లోపల పెట్రోలు చప్పుడైతే అది మునిగిపోతోంది, మార్చాల్సిందే. తిరిగి బిగించేటప్పుడు కొత్త గాస్కెట్ వేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు ఉబ్బుతుంది.

టెంపరేచర్ సెన్సర్‌కు ఎర్త్ దాని మరలనుంచే అందుతుంది. మందంగా టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే ఇంజన్ మరుగుతున్నా ముల్లు కిందే ఉంటుంది. ఇది ప్రమాదం.

బోర్డు వీపున ఉండే ప్లాస్టిక్ షీటు మీది రాగి గీతలను వెలుతురుకు ఎదురు పెట్టి చూడండి. కప్లర్ కూర్చునే మలుపులోనే వెంట్రుకంత పగులు ఉంటుంది. నల్లబడిన చోట పెన్సిల్ రబ్బరుతో రుద్దితే రాగి మెరుస్తుంది. పగిలిన గీతమీద సోల్డరింగ్ పెట్టకండి, ప్లాస్టిక్ కరుగుతుంది. ఆ గీత కలిపే రెండు చోట్లకూ విడిగా 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయడం మేలు.

బల్బులు ఎల్ఈడీకి మార్చాలనుకుంటే ఛార్జింగ్ వార్నింగ్ బల్బును మాత్రం ముట్టుకోవద్దు. పాత ఆల్టర్నేటర్లకు తొలి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. ఎల్ఈడీ పెడితే అది చాలక, ఇంజన్ గట్టిగా రేజ్ చేసేదాకా ఛార్జింగ్ మొదలుకాకపోవచ్చు. ఆయిల్ లైటు వెలుగుతూ ఉంటే ఇంజన్ మీది ఆయిల్ ప్రెషర్ స్విచ్చి వైరు తీసి చూడండి. ఆరకపోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఆరితే స్విచ్చి పోయిందని వెంటనే తేల్చేయకండి, మెకానిక్‌తో ప్రెషర్ గేజి పెట్టించి నిజంగా ఆయిల్ ప్రెషర్ ఉందో లేదో చూపించాకే బండి తీయండి.

అంతా బిగించాక ట్యాంకు ఖాళీకి దగ్గరగా ఉన్నప్పుడు బంకుకు వెళ్లి 5 లీటర్ల చొప్పున పోయించండి. ప్రతిసారీ తాళం ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగి, ముల్లు నిలిచిన చోటు రాసుకోండి. ఆ కాగితం గ్లవ్ బాక్సులో ఉంచండి.