గాడ్జీ ఎవరు?

పొద్దున్నుంచీ ముసురే. ఇంగ్లండ్‌లోని ఈ న్యూకాసిల్‌లో నవంబరంటే అంతే, నాలుగింటికల్లా చీకటి. గోడౌన్లో ఇవాళ పెట్టెలు తక్కువ, కబుర్లు ఎక్కువ.

గేటుకి అడ్డంగా లారీ పెట్టిన డ్రైవర్ని చూసి ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన "ఎవడా గాడ్జీ" అని విసుక్కున్నాడు. ఈ ఊళ్లో గాడ్జీ అంటే మనిషి, ఆసామీ. తిక్క రేగిన బాపతైతే 'రాడ్జీ గాడ్జీ'. నా పక్కన పెట్టెలకి టేపు వేస్తున్న బల్గేరియా కుర్రాడు ఒకటే నవ్వు. వాళ్ల భాషలో 'గాడ్జె' అంటే లవరట! అబ్బాయికైనా అమ్మాయికైనా అదే మాట, పైగా నపుంసకలింగం.

టీ టైములో ఫోన్ పట్టుకుని కూర్చున్నా. గాడ్జీ రోమాల మాటట, అంటే యూరప్‌లో జిప్సీలని పిలిచేవాళ్లది. వాళ్ల భాష రోమానీలో గాడ్జో అంటే రోమా కానివాడు, బయటివాడు. ఆడమనిషైతే గాడ్జీ. (ఇక్కడి మగాళ్లకి ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.) మూలం సంస్కృత 'గార్హ్య' అని పండితులంటారు, అంటే ఇల్లూ వాకిలీ ఉన్నవాడు. రోమానీ మన ఉత్తరాది భాషలకి చుట్టమే. వెయ్యేళ్ల కిందటే మన వైపు నుంచి బయల్దేరినా నీళ్లని ఇప్పటికీ 'పానీ' అనే అంటుంది.

రొమేనియాలో 'గాజు' కుర్రాడు, 'గాజికా' పిల్ల. స్పెయిన్లో గచో, గచీ. ఫ్రాన్స్‌లో మార్సేయ్ వీధుల్లో గాడ్జో, గాడ్జీ. రోమాలు పరాయివాళ్లని పిలవడానికి వాడిన మాటనే ఆ పరాయివాళ్లు తెచ్చుకుని ప్రియురాలికి పెట్టుకున్నారంటే నాకు భలే నచ్చింది. ఆ మాటనిచ్చిన రోమాలని చూసే తీరే నచ్చలేదు. ఇది రోమాల మాటని చెప్తే బల్గేరియా కుర్రాడి నవ్వు కాస్త తగ్గింది. వాళ్ల ఊళ్లో రోమాల వాడ ఊరవతల ఉంటుందట, అటు పోవద్దని వాళ్లమ్మ కేకలేసేదట. "అయినా గాడ్జెని గాడ్జె అనక ఇంకేమంటాం" అన్నాడు.

నేనేం పెద్ద తక్కువ? మా ఊరి పక్కనే బంజారా తండా. వాళ్లు తమని 'గోర్' అనుకుంటారు, మనబోటి వాళ్లని 'కోర్' అంటారు. తండా పిల్లలతో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నా. వాళ్లకి తెలుగంతా వచ్చు. నాకు వాళ్ల భాష గోర్‌బోలీలో ఈ రెండు మాటలు దాటి మూడోది రాదు.